డ్రేగర్‌మెన్: గని రక్షకులకు ఆ పేరు ఎక్కడిది? (తరచుగా అడిగే ప్రశ్నలు)

కెనడా గని ప్రమాదాల గురించి చదివినా, పాత రేడియో వార్తల రికార్డింగులు విన్నా 'డ్రేగర్‌మెన్ లోపలికి దిగారు' అనే మాట తగులుతుంది. కొంతమంది అది పోలీసు హోదా లాంటిదేదో అనుకుంటారు, ఇంకొంతమంది ఎవరిదో ఇంటిపేరు అనుకుంటారు. ఇంటిపేరనుకున్నవాళ్లే నిజానికి దగ్గరగా ఉన్నారు. ఈ మాట గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి.

డ్రేగర్‌మన్ అంటే ఎవరు?

గనిలో పేలుడు జరిగినా, మంటలు లేచినా, విషవాయువు కమ్మినా ఊపిరి పరికరం తగిలించుకుని లోపలికి వెళ్లి మనుషుల్ని బయటికి తెచ్చే శిక్షణ పొందిన కార్మికుడు. ఒక్కరైతే డ్రేగర్‌మన్, ఎక్కువమంది అయితే డ్రేగర్‌మెన్. ఈ మాటకు సొంత ఊరు అంటూ ఉంటే అది కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా. గ్లేస్ బే, స్టెల్లార్టన్, స్ప్రింగ్‌హిల్ లాంటి బొగ్గు ఊళ్లలో ఈ మాటకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. వీళ్లు ఫైరింజన్ వాళ్లలాగా బయటి నుంచి వచ్చే శాఖ కాదు. మామూలు రోజుల్లో అందరితో పాటు షిఫ్టుకు వెళ్లి బొగ్గు తీసేవాళ్లే. లోపల చిక్కుకున్నది పక్కింటివాడో, బావమరిదో, నిన్నటి దాకా తన పక్కన పనిచేసినవాడో అయి ఉంటాడు.

డ్రేగర్ అనేది మనిషి పేరా, కంపెనీ పేరా?

రెండూ. జర్మనీ ఉత్తరాన లుబెక్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ 1889లో యోహాన్ హైన్రిష్ డ్రేగర్, కార్ల్ అడాల్ఫ్ గెర్లింగ్ అనే భాగస్వామితో కలిసి చిన్న కంపెనీ పెట్టాడు. డ్రేగర్ గడియారాల పని నేర్చుకున్న మనిషి. వాళ్లు మొదట అమ్మిన సరుకుకూ గనులకూ ఏ సంబంధమూ లేదు. అది బీరు పీపాలకు బిగించే వాల్వు.

బీరు వాల్వు నుంచి బొగ్గు గని దాకా ఎలా వచ్చారు?

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే.

పీపాలోంచి బీరు పైకి రావాలంటే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి కావాలి. ఆ వాయువు సిలిండర్‌లో బాగా నొక్కి పెట్టి ఉంటుంది. మూత తిప్పితే ఒక్కసారిగా ఎగదన్నుతుంది, గ్లాసు నిండా నురగే. ఎక్కువ ఒత్తిడిని తగ్గించి, సన్నగా, ఒకే తీరులో వదిలే వాల్వు దొరికితే గానీ పని జరగదు. డ్రేగర్ అమ్మిన వాల్వు చేసింది అదే. ఊరి పేరు మీద దానికి 'లుబెకా వాల్వు' అని పేరు పెట్టారు.

నొక్కిపెట్టిన వాయువును అదుపులో పెట్టడం చేతికి వచ్చాక, ఆ సిలిండర్‌లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్ అయినా ఆక్సిజన్ అయినా లెక్క ఒకటే. కొడుకు బెర్న్‌హార్డ్ డ్రేగర్ ఈ సంగతిని బాగా వాడుకున్నాడు. 1902లో డాక్టర్ ఆటో రోత్‌తో కలిసి ఆపరేషన్ సమయంలో మత్తు ఇచ్చే యంత్రం తెచ్చారు. ఇంకొన్నాళ్లకు ఊపిరాడని చోటికి మనిషి తనతో మోసుకుపోయే ఆక్సిజన్ పరికరం తయారైంది. '1904/09' మోడల్‌గా గని రక్షణ చరిత్రలో నిలిచింది ఆ వరసే. అంటే ముందు బీరు దుకాణం, తర్వాత ఆపరేషన్ థియేటర్, చివరికి బొగ్గు గని.

గనిలోకి వెళ్లడానికి ఆ పరికరమే ఎందుకు? ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే చాలదా?

చాలదు. పొగ వల్ల కళ్లు మండటం, దగ్గు రావడం చిన్న సమస్య. పేలుడు తర్వాత గనిలో మిగిలే గాలిలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది గట్టిగా అతుక్కుని కూర్చుంటుంది. పైగా మంట ఉన్న ఆక్సిజన్‌ను తినేసి ఉంటుంది. తడిగుడ్డ కాదు, వడపోత మాస్కు అయినా ఉన్న గాలిని శుభ్రం చేస్తుందేమో గానీ, లేని ఆక్సిజన్‌ను తెచ్చి పెట్టలేదు. రక్షించడానికి ఉత్త ముఖాలతో పరుగెత్తినవాళ్లు కొన్ని అడుగుల్లోనే పడిపోయిన సంఘటనలు గనుల చరిత్ర నిండా ఉన్నాయి.

మరి ఆ పరికరం చేసేదేమిటి?

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటే, వదిలే గాలిలో ఇంకా 16 శాతం దాకా మిగిలే ఉంటుంది. దాన్ని వృథాగా బయటికి వదలడం ఎందుకు? ఈ పరికరం వదిలిన ఊపిరిని ఒక డబ్బా గుండా తిప్పుతుంది. ఆ డబ్బాలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే క్షారం ఉంటుంది. ఇప్పుడు వాడే సోడా లైమ్‌లో ఎక్కువ భాగం సున్నమే. బడిలో సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే తెల్లగా విరిగేది చూడండి, ఆ పనే ఇక్కడ ప్రాణం నిలబెడుతుంది. శుభ్రపడ్డ గాలికి సిలిండర్‌లోంచి కాస్త ఆక్సిజన్ కలిసి మళ్లీ ముక్కుకు అందుతుంది. ఈ పద్ధతి వల్లే చిన్న సిలిండర్‌తోనూ గంటల తరబడి పనిచేయొచ్చు. ఇప్పటి డ్రేగర్ బీజీ-4 రకం నాలుగు గంటలకు తయారైనది. రసాయన చర్యకు లోపలి గాలి వేడెక్కిపోతుంది కాబట్టి అందులో మంచుగడ్డ పెట్టే చోటు కూడా ఉంటుంది.

ఈ పరికరాల సంగతి ప్రపంచానికి ఎప్పుడు తెలిసింది?

1906లో, ఒక ఘోరం తర్వాత. మార్చి 10న ఉత్తర ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో బొగ్గు ధూళి పేలింది. 1,099 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఐరోపాలో అంతకన్నా పెద్ద గని ప్రమాదం మరొకటి లేదు. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా గనుల నుంచి రక్షణ బృందాలు ఊపిరి పరికరాలతో సరిహద్దు దాటి వచ్చాయి. ఫ్రాన్స్, జర్మనీ మొరాకో గొడవతో ఒకరినొకరు కొరకొరా చూసుకుంటున్న రోజులవి. అలాంటి వేళ జర్మన్ గని కార్మికులు ఫ్రెంచి కార్మికుల కోసం దిగడం పెద్ద వార్త అయింది. వాళ్లు తెచ్చినవాటిలో షామ్రాక్ అనే గని పేరు మీద తయారైన పరికరమూ ఉంది, డ్రేగర్‌వీ ఉన్నాయి.

ప్రాణాలతో ఎవరూ మిగల్లేదని వెతుకులాట కొన్ని రోజులకే ఆపేశారు. ప్రమాదం జరిగిన 20 రోజులకు 13 మంది తమంతట తామే చీకట్లో దారి వెతుక్కుంటూ బయటపడ్డారు. మరో నాలుగైదు రోజులకు ఇంకొకతను దొరికాడు. 'ఇంకొంచెం ముందే లోపలికి వెళ్లి ఉంటే' అనే ప్రశ్న ఆ తర్వాత ఏ గని యజమానినీ వదల్లేదు. ఊపిరి పరికరాలూ రక్షణ స్టేషన్లూ ఊరూరా రావడం వెనక ఈ కూరియేర్ భయం ఉంది. డ్రేగర్ సెట్లు అట్లాంటిక్ దాటి అమెరికా, కెనడా గనులకు చేరింది ఆ దశాబ్దంలోనే.

జర్మనీలో కూడా వీళ్లను డ్రేగర్‌మెన్ అంటారా?

అనరు! అక్కడి మాట 'గ్రూబెన్‌వేర్'. గ్రూబె అంటే గని, వేర్ అంటే కాపు. గని కాపుదళం అనుకోండి. కంపెనీ పుట్టిన దేశంలో డ్రేగర్ అనేది ఒక ఇంటిపేరు, ఒక ఫ్యాక్టరీ. ఆ పేరు మనుషులకు అంటుకున్నది సముద్రం అవతల. ఆ పరికరం నోవా స్కోషియాకు వచ్చేటప్పటికే పేరుతో సహా వచ్చింది. ఆ ఊళ్లో దాన్ని వేసుకునేవాళ్లు గుప్పెడు మంది. కాబట్టి 'డ్రేగర్ వేసుకునేవాళ్లు' అన్నదే వాళ్లకు గుర్తింపు అయింది.

మిగతా దేశాల్లో ఏమని పిలిచారు?

అమెరికాలో తొలి రోజుల్లో 'హెల్మెట్ మెన్' అనేవారు. మొదట వచ్చిన సెట్లలో తలంతా కప్పే లోహపు శిరస్త్రాణం ఉండేది, చూసినవాళ్ల కంటికి ముందు కనబడేది అదే. ఆ హెల్మెట్లు పోయి నోట్లో పెట్టుకునే గొట్టాలు వచ్చాక ఆ పేరూ పోయింది.

దక్షిణాఫ్రికా సంగతి డ్రేగర్‌మెన్‌కు కవల సోదరుడి లాంటిది. అక్కడి బంగారు గనుల్లో రక్షణ బృందాన్ని ఈనాటికీ 'ప్రోటో టీమ్' అంటారు. ప్రోటో అనేది లండన్‌లోని సీబ్ గోర్మన్ కంపెనీ చేసిన ఊపిరి పరికరం. హెన్రీ ఫ్లూస్ 1878లో మొదలుపెట్టిన ఆక్సిజన్ పరికరాల వరసలో వచ్చింది. ఇప్పుడు ఆ బృందాలు వేసుకునేది ప్రోటో కాకపోయినా పేరు మాత్రం మారలేదు. ఏ దేశానికి ఏ కంపెనీ సెట్ ముందు చేరిందో దాన్ని బట్టి పేరు పడింది, అంతకుమించి ఇందులో రహస్యం ఏమీ లేదు.

ఈ మాట గని ఊళ్లు దాటి అందరికీ ఎప్పుడు తెలిసింది?

1936 ఏప్రిల్‌లో, మూస్ రివర్ దగ్గర. అది బొగ్గు గని కాదు, నోవా స్కోషియా అడవుల్లో ఒక పాత బంగారు గని. దాన్ని కొన్న ఇద్దరు టొరంటో పెద్దమనుషులు, డాక్టర్ డేవిడ్ రాబర్ట్‌సన్, లాయర్ హెర్మన్ మాగిల్, హాజరు గుమాస్తా ఆల్‌ఫ్రెడ్ స్కాడింగ్‌తో కలిసి ఈస్టర్ ఆదివారం, ఏప్రిల్ 12న లోపల చూద్దామని దిగారు. పైకప్పు కూలింది. 141 అడుగుల లోతున ముగ్గురూ చిక్కుకుపోయారు.

వాళ్లు బతికే ఉన్నారని తెలిసింది ఒక సన్నని బోరు వల్ల. ఆరో రోజు దాకా రాయిని తొలుస్తూ వెళ్లి, ఆ రంధ్రం గుండా గొంతు విన్నారు. దానిలోంచే ఆహారం, మందులు, చివరికి ఒక బుల్లి టెలిఫోను కూడా కిందికి దించారు. మాగిల్ న్యుమోనియాతో లోపలే చనిపోయాడు. మిగిలిన ఇద్దరినీ పదిరోజుల తర్వాత బయటికి తెచ్చారు.

అప్పుడు జె. ఫ్రాంక్ విల్లిస్ అనే రేడియో మనిషి గని దగ్గర నిలబడి, అరగంటకోసారి రెండు మూడు నిమిషాల చొప్పున రాత్రింబవళ్లు వార్తలు చెప్పాడు. కెనడా, అమెరికాల్లో 650కి పైగా స్టేషన్లు దాన్ని వినిపించాయి, బ్రిటన్‌లో బీబీసీ కూడా తీసుకుంది. స్టెల్లార్టన్ నుంచి వచ్చిన డ్రేగర్‌మెన్ పేరు లక్షల ఇళ్లలో ఒకేసారి మోగింది. మరుసటి ఏడాదే హాలీవుడ్‌లో ఒక సినిమా వచ్చింది, డ్రేగర్‌మన్ అనే మాట ఏకంగా దాని టైటిల్‌లోనే ఉంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది, చాలామంది గమనించరు. మూస్ రివర్‌లో అసలు శత్రువు విషవాయువు కాదు. జారిపడే రాళ్లు, ఊరే నీళ్లు, పుచ్చిపోయిన పాత కొయ్య దిమ్మెలు. ఆ పది రోజులూ ప్రధానంగా జరిగింది గడ్డపార పని, పార పని, చేతులతో రాళ్లు తీసే పని. డ్రేగర్ పరికరం పెద్దగా అవసరపడని చోటే డ్రేగర్‌మన్ అనే పేరు ప్రపంచానికి ఎక్కింది. అంటే 1936 నాటికే ఆ మాట యంత్రాన్ని వదిలేసి మనిషి దగ్గరికి వచ్చేసింది. వీపు మీద సిలిండర్ ఉన్నా లేకపోయినా అతను డ్రేగర్‌మనే.

పరికరం లేకుండా వెళ్లేవాళ్లకు వేరే పేరు ఉండేదా?

ఉండేది: 'బేర్‌ఫేస్డ్ మైనర్స్'. ఉత్త ముఖాలవాళ్లు అన్నమాట. స్ప్రింగ్‌హిల్ ప్రమాదాల కథనాల్లో ఈ రెండు మాటలూ జంటగా వస్తాయి. డ్రేగర్‌మెన్ ముందు వెళ్లి గాలి ఎలా ఉందో చూసేవాళ్లు. ఊపిరాడే చోటు అని తేలితే ఉత్త ముఖాలవాళ్లు వెనకాలే వెళ్లి తవ్వేవాళ్లు.

స్ప్రింగ్‌హిల్ చిన్న ఊరు. 1891లో పేలుడులో 125 మంది పోయారు. 1956 నవంబర్ 1న జారిపోయిన బొగ్గు పెట్టెలు పట్టాలు తప్పి కరెంటు తీగను కొట్టాయి, నిప్పురవ్వకు బొగ్గు ధూళి అంటుకుంది. 39 మంది చనిపోయారు, 88 మందిని బతికించారు. ఈసారి వాయువు నిజంగానే శత్రువు, డ్రేగర్ సెట్లు లేకపోతే లోపలికి వెళ్లే దారే లేదు. లోపల చిక్కినవాళ్లు యంత్రాలకు గాలి పంపే గొట్టాలకు మూతులు ఆనించి బతికారు.

రెండేళ్లు తిరక్కుండానే, 1958 అక్టోబర్ 23 రాత్రి, పక్క గనిలో 'బంప్' వచ్చింది. అక్కడి వాళ్లు బంప్ అనేది పేలుడును కాదు. లోతైన గనిలో పైనున్న కొండంత బరువుకు నేల ఒక్కసారిగా ఎగదన్ని, సొరంగం మూసుకుపోవడాన్ని. లోపల 174 మంది ఉన్నారు. 75 మంది చనిపోయారు. ఆరున్నర రోజులకు రాళ్లగుట్ట అవతల 12 మంది బతికి ఉన్నట్టు తెలిసింది. అందరూ ఆశ వదిలేసిన తర్వాత, ఎనిమిదిన్నర రోజులకు, ఇంకో ఏడుగురు దొరికారు. రక్షణలో పాల్గొన్నవాళ్లలో ఎవరి పేరు ఎంచాలో తెలియక ప్రాణాలకు తెగించి ఇతరులను కాపాడినవాళ్లకు పతకాలిచ్చే కార్నెగీ హీరో ఫండ్ తన బంగారు పతకాన్ని మొత్తం ఊరికే ఇచ్చింది.

ప్రపంచ యుద్ధాల్లో జర్మనీ శత్రువు కదా, మరి ఆ జర్మన్ పేరును ఎందుకు తీసేయలేదు?

మంచి ప్రశ్న. మొదటి ప్రపంచ యుద్ధం వేళ కెనడాలో జర్మన్ పేర్ల మీద కోపం మామూలుగా లేదు. ఒంటారియోలో బెర్లిన్ అనే పట్టణం 1916లో కిచెనర్ అని పేరు మార్చుకుంది. రెండో యుద్ధంలోనూ కెనడా జర్మనీతో పోరాడింది. అయినా 1950ల స్ప్రింగ్‌హిల్ వార్తల్లో డ్రేగర్‌మెన్ అనే మాట చెక్కుచెదరకుండా ఉంది. నా ఉద్దేశంలో అప్పటికి ఆ మాటలో జర్మన్‌తనం ఎవరికీ వినిపించేది కాదు. గని ఊరి ఆడవాళ్లకు అది పక్కవీధి కుర్రాళ్ల పేరు.

స్పెల్లింగ్‌లో ఒకచోట 'ఎ' మీద చుక్కలు ఉంటాయి, ఇంకోచోట 'ఎఇ' అని ఉంటుంది. ఏది సరైనది?

రెండూ సరైనవే. జర్మన్‌లో 'ఎ' మీద రెండు చుక్కలు పెడతారు. ఆ అక్షరం లేని టైప్‌రైటర్ల మీద దాన్ని 'ఎఇ' అని రాయడం వాళ్లకే అలవాటు. కంపెనీ పేరుకు చుక్కలు, కెనడా మనుషులకు 'ఎఇ', చిన్న అక్షరంతో. తెలుగులో ఎలాగూ 'డ్రే' ఒక్కటే కాబట్టి మనకు ఈ బాధ లేదు.

మనకు ఇలాంటి మాటలు ఉన్నాయా?

వస్తువులకైతే బోలెడు. పసుపురంగు తవ్వకం బండి ఏ కంపెనీదైనా మనకు జెసిబియే. అది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే మనిషి పేరులోని పొడి అక్షరాలని తెలిసి అనేవాళ్లు ఎంతమంది? ఊళ్లో 'ప్రొక్లెయినర్' అనే మాట వెనక ఉన్నదీ ఒక ఫ్రెంచి కంపెనీ పేరే. ఫొటోకాపీకి జిరాక్స్ సరేసరి.

యంత్రం పేరు మనిషికి అంటుకోవడం మాత్రం అరుదు. బొగ్గు ప్రపంచంలోనే ఒక చక్కటి ఉదాహరణ ఉంది. 1989 నవంబర్‌లో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ ప్రాంతంలోని మహావీర్ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చాయి. ఇంజినీరు జస్వంత్ సింగ్ గిల్ బోరు వేయించి, మనిషి పట్టే ఉక్కు క్యాప్సూల్‌ను దించి, తనే అందులో కిందికి వెళ్లి 65 మందిని ఒక్కొక్కరినే పైకి పంపాడు. ఆ తర్వాత ఆయన పేరు 'క్యాప్సూల్ గిల్' అయిపోయింది.

సింగరేణిలో వీళ్లను ఏమంటారు?

రెస్క్యూ టీమ్ అంటారు. గని రక్షణ కేంద్రం రెస్క్యూ స్టేషన్. బొగ్గుబాయి భాషలో సర్దార్, ఓవర్‌మన్, ఇంక్లైన్ ఎలా కలిసిపోయాయో ఈ రెస్క్యూ కూడా అలాగే కలిసిపోయింది. డ్రేగర్ అనే మాట మాత్రం పరికరం దగ్గరే ఆగిపోయింది. మన దేశంలో మైనింగ్ డిప్లొమా చదివినవాళ్లకు ప్రోటో, డ్రేగర్ బీజీ-174 సెట్ల బొమ్మలు గీసి భాగాలు గుర్తించిన జ్ఞాపకం ఉండే ఉంటుంది. అలా కెనడా పేరూ దక్షిణాఫ్రికా పేరూ మన దగ్గర ఒకే పాఠంలో పక్కపక్కన కూర్చున్నాయి, కానీ ఏదీ మనుషుల పేరు కాలేదు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు, సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్‌తో పాటు సింగరేణి రెస్క్యూ సిబ్బందీ దిగారు. అప్పుడు టీవీల్లో తరచుగా వినిపించిన ఇంకో మాట 'ర్యాట్ మైనర్లు'. ఎలుకల్లా ఇరుకు బొరియల్లో తవ్వేవాళ్లని ఆ పేరు. 2023లో ఉత్తరకాశీ సిల్‌క్యారా సొరంగంలో 41 మంది చివరికి బయటపడింది వాళ్ల చేతి తవ్వకంతోనే. ఒకప్పుడు ప్రమాదకరమని నిషేధించిన పద్ధతి పేరు, ఆ ఒక్క వారంలో దేశానికి ముద్దొచ్చింది.

ఈ మాట ఇప్పటికీ వాడుకలో ఉందా?

ఉంది, కానీ వినే సందర్భాలు తగ్గాయి. 1992 మే 9న నోవా స్కోషియాలోని ప్లిమత్ దగ్గర వెస్ట్రే గనిలో మీథేన్, బొగ్గు ధూళి పేలి 26 మంది చనిపోయారు. డ్రేగర్‌మెన్ రోజుల తరబడి వెతికి 15 మంది శవాలను తెచ్చారు. మిగతా 11 మంది ఇప్పటికీ అక్కడే ఉన్నారు, లోపలికి వెళ్లడం మరీ ప్రమాదమని వెతుకులాట ఆపేశారు. ఆ ప్రాంతంలో భూగర్భ బొగ్గు తవ్వకం దాదాపు అడుగంటింది కాబట్టి, ఇప్పుడు ఈ మాట ఎక్కువగా మ్యూజియంలోనూ తాతల కబుర్లలోనూ దొరుకుతుంది. కొత్త శిక్షణ కాగితాల్లో 'మైన్ రెస్క్యూ' అనే రాస్తారు.

తెలుగులో రాసేటప్పుడు ఏ మాట వాడాలి?

నోవా స్కోషియా కథ చెబుతుంటే 'డ్రేగర్‌మెన్' అని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరం ఇవ్వండి. 'డ్రేగర్ మనుషులు' అని అనువదిస్తే ఆ కంపెనీ ఉద్యోగులేమో అనుకుంటారు. మిగతా ప్రమాదాలకు 'గని రెస్క్యూ సిబ్బంది' అంటే కోల్‌బెల్టులో పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది. 'ఖని విమోచన దళ సభ్యులు' లాంటివి మాత్రం దయచేసి వద్దు, గోదావరిఖనిలో నవ్వుతారు.